ఐదో ఊరికి దగ్గరి బస

శుక్రవారం పొద్దున్న తొమ్మిదికల్లా అద్దె కారు తెచ్చుకోవాలి.
అచ్చు దుకాణం నుంచి అమ్మ ఫొటోతో నల్లంచు కాగితాలు. ఊరికి మూడు చొప్పున పదిహేను. చిరిగితే పనికొస్తాయి, ఇంకో ఐదు.
వానకి తడవకుండా ప్లాస్టిక్ కవర్లు, పిన్నులు, జిగురు.
అమ్మ పేర ఊళ్ళలో పంచడానికి రొట్టె, వాఫర్లు.
నాన్న మందులు, మూడు రోజులకి.
నాన్నను ఒప్పించాలి.
బస ఎక్కడ?

ఆస్పత్రిలో అమ్మకి రాసిచ్చిన పథ్యం కాగితం వెనక జ్లాతీనా రాసుకున్న పనులివి. మొదటి ఐదూ గురువారం మధ్యాహ్నానికే ఓ కొలిక్కి వచ్చాయి. మిగిలిన రెండూ నిజానికి ఒకటే పని అని రూసేలోని తమ ఇంట్లో వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాక గానీ ఆమెకి తెలిసిరాలేదు.

"స్తుదెన్ బ్రోద్‌లో దిగేటట్టయితే నేను రాను," అన్నాడు మించో. అది మూడోసారి.

భార్య పోయి ముప్పై రెండు రోజులు. ఆ ముప్పై రెండు రోజులూ కత్తి తగలని గడ్డం ఆయన ముఖాన్ని సగం మింగేసింది. మిగిలిన సగంలో కళ్ళు మాత్రం బల్ల మీద పరిచిన ఊళ్ళ పటాన్ని తప్పించుకుని తిరుగుతున్నాయి.

"ఒక్కసారి ఇటు చూడు నాన్నా," అంది జ్లాతీనా, పటం మీద చెయ్యి ఆనించి. "అమ్మ పనిచేసిన ఊళ్ళు ఐదు. ఇదిగో, వేళ్ళ చివర్లలో ఉన్నాయి. అరచేతిలో స్తుదెన్ బ్రోద్. అక్కడ దిగితే ఏ ఊరికైనా పావుగంట, ఇరవై నిమిషాలు. తర్నొవో పట్నంలో దిగితే రోజూ అరచేతి దాకా రావడానికే గంటంపావు. మళ్ళీ పోవడానికి గంటంపావు."

"తర్నొవోలో లిఫ్టుంది వదినా," అంది తమ్ముడి పెళ్ళాం కలీనా. "వేన్నీళ్ళున్నాయి. పొద్దున్నే కాఫీ చేతికిస్తారు. ఆ పల్లెటూరి బసల్లో దుప్పటి కప్పుకుంటే గొర్రెని కప్పుకున్నట్టుంటుంది."

"నువ్వు పుట్టిందే గొర్రెల దొడ్డి పక్కన కదే."

"అందుకే చెబుతున్నా. తెలియనిదాన్నయితే ముచ్చటపడేదాన్ని."

తమ్ముడు ఓగ్న్యాన్ నవ్వబోయి, తండ్రి ముఖం చూసి ఆపుకున్నాడు. "రోజుకి నూరు కిలోమీటర్లు ఎక్కువవుతుంది. అంతేగా అక్కా. నాన్న మాట వింటే ఏం పోయింది?"

"నడిపేది నువ్వా?"

ఓగ్న్యాన్ పటాన్ని మడవబోయాడు.

"చెప్పరా. నడిపేది నువ్వా? నీ లైసెన్సు పోలీసుల బీరువాలో నిద్రపోతోంది. ఎందుకు నిద్రపోతోందో మీ ఆవిడ ముందు మళ్ళీ చెప్పించకు. తాగి స్టీరింగు ముట్టుకున్నవాడివి నువ్వు నాకు దూరాభారాల గురించి..."

మించో లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. దాన్ని ఎత్తకుండానే బాల్కనీలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

"చూశావా," అన్నాడు ఓగ్న్యాన్ మెల్లగా. "నన్నంటే ఆయనకి తగిలింది."

ఎందుకు తగిలిందన్నది అక్కాతమ్ముళ్ళిద్దరికీ అంతుపట్టలేదు. అద్దం తలుపు అవతల తండ్రి వీపు కనిపిస్తోంది. చలిలో కోటైనా లేకుండా నిలబడ్డాడు.

జ్లాతీనాకి మొండితనం పుట్టుకతో వచ్చింది కాదు. ఆస్పత్రిలో తల్లి తన మణికట్టు పట్టుకున్న రోజున వచ్చింది. నెదా అప్పటికి నాలుగు రోజులుగా ఎవరితోనూ మాట్లాడలేదు. ఉన్నట్టుండి కళ్ళు తెరిచి, నర్సు ఉద్యోగంలో రోగులకి చెప్పినట్టే, తూచి తూచి చెప్పింది. "నా నలభయ్యో రోజు కాగితం ఐదూళ్ళలోనూ నీ చేత్తో అంటించు. గడువు దాటనివ్వకు. నాలుగు మరిచినా సరే, రజ్దోల్ మరవకు. మీ నాన్న వద్దంటాడు."

"ఎందుకు వద్దంటాడమ్మా?"

సూది మందు వేసే అమ్మాయి లోపలికి వచ్చింది. ఆ తర్వాత నెదా ఇక మాట్లాడలేదు.

ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కిన పిల్ల జ్లాతీనా. తల్లి చెప్పింది ఏదైనా రెండోసారి చెప్పించుకోకుండా చేసింది. ఇది ఒక్కసారే చెప్పింది కాబట్టి మరీ వదల్లేకపోతోంది.

ఆమె ఫోన్ తీసుకుని నడవలోకి వెళ్ళి, స్తుదెన్ బ్రోద్‌లో బస ఇచ్చే ఇంటికి ఫోన్ చేసింది. నాన్న సంగతి తర్వాత. ముందు గది ఉందో లేదో తెలియాలి కదా.

"నాలుగు గదులూ ఖాళీయే తల్లీ," అంది అవతల దోబ్రా అనే ఆవిడ. "మార్చిలో మా ఊరికి కొంగలు తప్ప ఎవరొస్తారు? ఎవరి తాలూకు మీరు?"

"నర్సు నెదా కూతుర్నండీ. అమ్మ పోయింది. కాగితాలు అంటించడానికి వస్తున్నాం. మా నాన్న కూడా మీ ఊళ్ళో పనిచేశాడు, అంబులెన్సు..."

"అంబులెన్సు మించోనా!" ఆవిడ గొంతు నడవంతా నిండిపోయింది. "మా ద్రాక్షతోటల రాజు! అయ్యో తల్లీ, మా భోజనాల గదిలో ఆయన ఫొటో ఉంది, నీకు తెలుసా? ఫిబ్రవరిలో ద్రాక్షతీగలు కత్తిరించే ట్రిఫోన్ పండగనాడు మా నాన్నే తీశాడు. నెత్తిన ద్రాక్షతీగల కిరీటం, భుజాల మీదెత్తుకున్నారు, చేతిలో వైను గిన్నె. ఇరవై రెండు వాకిళ్ళు తిప్పారంట ఆ రోజు, ఒక్క వాకిట్లోనూ గిన్నె వెనక్కి ఇవ్వలేదంట. అలాంటి రాజు మళ్ళీ రాలేదని మా నాన్న పోయేదాకా చెప్పేవాడు. తీసుకురా తల్లీ. ఆ ఫొటో కిందే భోజనం పెడతా."

ముప్పై రెండు రోజుల్లో జ్లాతీనా నవ్వడం అదే మొదలు. ఆ నవ్వుతోనే వంటింట్లోకి వచ్చింది. మించో బాల్కనీ లోంచి వచ్చి పడిపోయిన కుర్చీ ఎత్తుతున్నాడు.

"నాన్నా, నువ్వు రాజువంట కదా! ఎప్పుడూ చెప్పలేదేం? కిరీటం పెట్టుకున్న ఫొటో ఆ ఇంట్లో గోడకి వేలాడుతోందంట. అమ్మా ఎప్పుడూ అనలేదు."

మించో చెయ్యి కుర్చీ వీపు మీద అలాగే ఉండిపోయింది.

"ఏ ఏడాది ఫొటో?" అంది కలీనా.

"ఎనభై ఎనిమిదంది."

"అయితే వదినా, నువ్వప్పటికి..."

"ఎనిమిది నెలల పిల్లని."

"తర్నొవో," అన్నాడు మించో. ఆ గొంతు పిల్లలిద్దరూ ఎప్పుడూ విననిది. "తర్నొవో అయితే వస్తాను. ఆ ఇంట్లో దిగేటట్టయితే, మీ అమ్మ నలభయ్యో రోజుకి నేను సమాధి దగ్గరికి కూడా రాను. నీ ఇష్టం."

సమాధి దగ్గర భర్త లేకుండా నలభయ్యో రోజు ఎలా జరుగుతుంది? జ్లాతీనా కూర్చుని, కాగితం మీద "బస ఎక్కడ?" అన్నదాని పక్కన "తర్నొవో" అని రాసింది.

గెలిచినవాడి ముఖం అలా ఉండదు. పిడికెడు మట్టి నోట్లో వేసుకున్నట్టుంది మించో ముఖం.

*

శుక్రవారం రెండూళ్ళు, శనివారం మధ్యాహ్నానికి ఇంకో రెండు.

ప్రతి ఊళ్ళోనూ ఒకటే వరస. బస్సు ఆగే చోట గోడ, గోడ మీద పోయినవాళ్ళ నల్లంచు కాగితాలు. కొత్తవి పాతవాటి మీద, పాతవి ఇంకా పాతవాటి మీద. ఊళ్ళో బతికున్నవాళ్ళకన్నా గోడ మీదవాళ్ళే ఎక్కువ. జ్లాతీనా చోటు వెతికి, పిన్నులు గుచ్చి, తల్లి ఫొటో మీద అరచేతితో ఓసారి నిమిరి, వెనక్కి వచ్చేది. మించో మాత్రం నాలుగు ఊళ్ళలోనూ కారు దిగలేదు. వెనకసీట్లో కూర్చుని మోకాళ్ళు చూసుకున్నాడు.

నాలుగో ఊళ్ళో ఓ ముసలావిడ కర్ర పోటేసుకుంటూ వచ్చి కాగితం మీద పేరు చదువుకుంది. "నెదానా? నా ముగ్గురి బొడ్డూ కోసిందే. ఇద్దరు ఇటలీలో ఎవరి ముసలాళ్ళకో అన్నం తినిపిస్తున్నారు."

"మూడోవాడు బామ్మా?" అంది కలీనా.

"వాడు ఇక్కడే ఉన్నాడు. అదుగో," అని కర్రతో గోడ మీది కాగితం ఒకటి చూపించింది. "నన్నొదిలి ఎక్కడికీ పోలేదు వాడొక్కడూ."

కలీనా ఆవిడ చేతిలో రొట్టె ముక్క, వాఫరు పెట్టి, కార్లో వచ్చి కూర్చుంది.

గడియారం రెండు దాటింది. పొద్దున్న తర్నొవో నుంచి రావడానికే సగం పూట పోయింది. "ఇక చాల్లేమ్మా," అన్నాడు మించో, రెండు రోజుల్లో తనంతట తాను అన్న మొదటి మాట. "రజ్దోల్‌లో ఎవరున్నారని? పదకొండు మంది. అందులో చదవడానికి చూపున్నవాళ్ళు ఎంతమంది? తిరిగి పోదాం."

"మట్టిరోడ్డక్కా," అన్నాడు ఓగ్న్యాన్. "మట్టిరోడ్డు ఎక్కించకూడదని కారు కాగితాల్లో రాసుంది."

జ్లాతీనా తాళం తిప్పకుండా ఆగింది. ఆశ్చర్యం, కలీనా నోరు విప్పింది. "పోనియ్యి వదినా. నాలుగూళ్ళు తిరిగి ఐదోది వదిలేస్తే అత్తయ్య కల్లోకొచ్చి తిట్టేది నన్నే. బతికున్నప్పుడూ నన్నేగా తిట్టింది."

"కలీనా," అన్నాడు మించో. అది హెచ్చరికో, బతిమాలుకోవడమో తెలియలేదు.

"ఏం మావయ్యా? మీరు దిగక్కర్లేదుగా. నాలుగూళ్ళలోనూ దిగలేదు. ఇక్కడా దిగకండి."

కారు మట్టిరోడ్డెక్కింది.

రజ్దోల్‌లో మూసేసిన దుకాణం ముందు బెంచీ ఉంది. బెంచీ మీద ఒక ముసలాయన ఎండకి వీపు పెట్టి కూర్చున్నాడు. పక్కన గాజు సీసాలో పిండి ఉడకేసిన జిగురు, అందులో పాత బ్రష్షు.

"ఎవరిదమ్మా?" అన్నాడు, ఆమె చేతిలో కాగితం చూసి.

"మా అమ్మదండీ. నెదా. ఈ ఊరు కూడా చూసేది, నర్సుగా."

ఆయన కాగితం అందుకుని, జేబులోంచి కళ్ళజోడు తీసి, తేదీ దగ్గర వేలు పెట్టాడు. చాలాసేపు ఆ వేలు అక్కణ్ణుంచి కదల్లేదు.

"ఫిబ్రవరి పదహారు," అన్నాడు చివరికి. "అదీ సంగతి. పద్నాలుగుకి రాలేదు. పోస్టు ఆలస్యమేమోననుకున్నాను. ఈవిడకి ఎప్పుడూ ఆలస్యం లేదే అని కూడా అనుకున్నాను."

"ఏది రాలేదు తాతా?"

ఆయన లేచి గోడ దగ్గరికి నడిచాడు. మిగతా కాగితాలన్నీ ఎండకి, వానకి మాసిపోయి ఉంటే, ఒక్కటి మాత్రం ప్లాస్టిక్ కవర్లో శుభ్రంగా ఉంది. నల్లంచు మధ్య ఓ పిల్ల ముఖం. రెండు జడలు. "స్తాంకా దొన్చెవా. ఇరవై రెండేళ్ళు. నువ్వు లేని ముప్పై ఆరేళ్ళు." చావు తేదీ 1988 ఫిబ్రవరి 14. కింద ఎవరు పెట్టిందీ లేదు.

"నా భార్య," అన్నాడు ఆయన. "నా పేరు వెల్యో. మొదటి ఏడాది కాగితం నేనే వేయించాను. రెండో ఏటి నుంచి పండగ దాటకుండా రూసే నుంచి కవరు వచ్చేది. లోపల కాగితం. అదే ఫొటో. ఉత్తరం ముక్క కూడా ఉండేది కాదు. వచ్చినదాన్ని నేను అంటించేవాణ్ణి." ప్లాస్టిక్ వెనక దాచిన కవరు బయటికి లాగి ఇచ్చాడు.

జ్లాతీనా ఆ రాతను ఇంట్లో ఊరగాయ జాడీల మీద చూసింది. మందు సీసాల మీద చూసింది. తన కాలేజీ పెట్టె మూత మీద చూసింది.

"మా అమ్మ ఎందుకు..."

వెల్యో అప్పటికే కారు వైపు చూస్తున్నాడు. "వెనక సీట్లో ఎవరు?"

"మా నాన్న."

ఆయన తొందరపడలేదు. జిగురు సీసా మూత బిగించి, బెంచీ కింద పెట్టి, కారు దగ్గరికి నడిచి, వేలి కణుపుతో అద్దం మీద రెండుసార్లు కొట్టాడు. అద్దం కిందికి దిగింది.

"గడ్డం తెల్లబడిందే మించో."

"వెల్యో," అన్నాడు మించో.

"ముప్పై ఏడేళ్ళయింది. దిగుతావా?"

"కాళ్ళు నొప్పి."

"ఆ రోజూ అదే మాట. కాళ్ళు నిలబడలేదన్నారు." వెల్యో గొంతు పెంచలేదు. "ఎన్నింటికి ఫోన్ చేశాను నేను?"

మించో అద్దం మీట మీద వేలు పెట్టాడు.

"మీ పిల్లలు వింటున్నారు. ఎన్నింటికి చేశాను?"

"తొమ్మిదింటికి," అన్నాడు మించో.

ఓగ్న్యాన్ ముందు సీట్లో వెనక్కి తిరిగాడు. కలీనా చెయ్యి అతని భుజం మీద పడింది.

"ఆ చలిలో పంచాయతీ ఇంటికి పరిగెత్తి తొమ్మిదింటికి ఫోన్ చేశాను. ఫోనెత్తింది నెదా. బండి పంపిస్తున్నానంది. బండి ఉంది, పెట్రోలుంది. నడిపేవాడు లేడు. నడిపేవాణ్ణి భుజాల మీదెక్కించుకుని వాకిలి వాకిలికీ తిప్పుతున్నారు."

"రాజు గిన్నె వెనక్కివ్వకూడదు," అన్నాడు మించో. పిల్లాడు ఒప్పజెప్పే పాఠంలా వచ్చింది మాట. "వెనక్కిస్తే ఆ ఏడు ఊరికి పంట ఉండదు. అందరూ అలాగే... డ్యూటీలో ఉన్నానని చెప్పాను వెల్యో. చెప్పాను. ఒక్క గిన్నే అన్నారు. నన్నెన్నుకున్నారు, నేను అడగలేదు."

"నెదా మంచులో పరిగెత్తి నిన్ను పట్టుకునేసరికి ఎన్నో వాకిలి?"

"తెలీదు."

"నాకు తెలుసు. పందొమ్మిదోది. ఇంకా మూడు మిగిలాయని నిన్ను దిగనివ్వలేదంట. నీ ముఖాన మంచు రుద్ది, బండి ఎక్కించి, బయల్దేరేసరికి రెండు. నువ్వు ఇక్కడికొచ్చేసరికి నా స్తాంకా చల్లబడిపోయింది. బిడ్డ బతికింది."

పక్క పెరట్లో ఎవరో కట్టెలు కొడుతున్నారు.

"విచారణకి వచ్చినవాళ్ళు ఫోన్లు రాసే పుస్తకం తెరిచారు," అన్నాడు వెల్యో, ఇప్పుడు జ్లాతీనాకేసి తిరిగి. "ఫోన్ వచ్చిన వేళ, మధ్యాహ్నం రెండు. మీ అమ్మ రాత. భర్త సమయానికి కబురు చెయ్యలేదు, అది తీర్పు. నేను తొమ్మిదన్నాను. పంచాయతీ గుమాస్తా కూడా పండగలోనే ఉన్నాడు, నేను ఫోన్ చేయగా చూసినవాడు లేడు. మా అత్త బిడ్డను తీసుకెళ్ళిపోయింది. నా కూతురు దేసాకి నీ వయసే ఉంటుంది. 'మా అమ్మ చస్తుంటే తాగి పడుకున్నావట కదా' అని ఒకే ఒక్కసారి అడిగింది. ఆ తర్వాత అడగడం కూడా మానేసింది."

తాగి పడుకున్నది ఎవరో, ఆ మాట మోసింది ఎవరో. మోయించింది ఎవరో. కవరు ఇంకా జ్లాతీనా చేతిలోనే ఉంది.

"నాకు నువ్వు చెప్పక్కర్లేదు మించో," అన్నాడు వెల్యో. "నేను ఎన్నింటికి చేశానో నాకు తెలుసు. దేసాకి తెలీదు. నోటిమాట వద్దు. ఈ ఊళ్ళలో నోటిమాటని గాలి ఎత్తుకుపోతుంది. గోడ మీద ఉన్నదే నిలబడుతుంది. గోడ మీద పెట్టు."

"ఏం పెట్టమంటావ్?" మించో మొదటిసారి గొంతెత్తాడు. "నెదా దొంగరాత రాసిందని పెట్టమంటావా? నిన్నా ఇవాళా నాలుగూళ్ళలో దాని ముఖం అంటించి వచ్చాం. మా బొడ్డు కోసింది, మా ప్రాణం పోసింది అని దండాలు పెట్టారు. ఆ ముఖం పక్కనే ఇదీ అంటించమంటావా? చచ్చినదాని పేరు తియ్యమంటావా?"

వెల్యో గోడ దగ్గరికి తిరిగి వెళ్ళి, నెదా కాగితానికి వెనక జిగురు రాసి, స్తాంకా పక్కన ఆనించి, నాలుగు మూలలూ బొటనవేలితో అదిమాడు. "ఈ ఊళ్ళో అంటించేది నేనే," అన్నాడు. "ఎవరిదైనా."

*

కారు మట్టిరోడ్డు మీదుగా ఎత్తు దిగుతోంది.

"ఎనిమిది నెలల పిల్లవి," అన్నాడు మించో వెనకనుంచి. "నేను లోపలికి పోతే నీకు పాలెవరు కొంటారు? ఆ రాత నేను రాయమనలేదు. మీ అమ్మే కలం తీసుకుంది. నీ ఉయ్యాలకేసి చూసింది, రాసింది. ఆ ఉద్యోగం ఉంది కాబట్టి నువ్వు చదివావు. పెద్ద పెద్ద మాటలు నేర్చుకున్నావు. ఇప్పుడు ఆ మాటలతో నన్ను..."

"నేనేమీ అనలేదు నాన్నా."

"అందుకే చెబుతున్నా."

జ్లాతీనా కాలేజీకి వెళ్ళిన బస్సు, మొదటి జీతం, ఇంట్లో వాళ్ళంతా తన పట్టా చుట్టూ నిలబడి తీయించుకున్న ఫొటో. అన్నిటి కిందా "మధ్యాహ్నం రెండు" అని ఒక రాత. అమ్మ రజ్దోల్ మరవకు అన్నది తన కాగితం కోసం కాదు. స్తాంకా కాగితం పంపవలసిన పద్నాలుగో తేదీ తప్పిపోయింది. అందుకు.

తారు రోడ్డు వచ్చింది. ఎడమకి తర్నొవో, కుడికి స్తుదెన్ బ్రోద్. ఆమె కుడివైపు తిప్పింది.

"అక్కా, ఎడమకి కదా."

"తెలుసు."

"జ్లాతీనా, కారాపు," అన్నాడు మించో. "ఆపమన్నానా!"

ఆమె ఆపలేదు. ఈ కారు నడపగలిగింది ఇవాళ ఆమె ఒక్కతే. ఓగ్న్యాన్ తండ్రికేసి తిరిగి ఏదో అనబోయాడు. తన లైసెన్సు గుర్తొచ్చిందో ఏమో, మళ్ళీ ముందుకే తిరిగి కూర్చున్నాడు.

కలీనా ఫోన్ తీసి తర్నొవో హోటల్‌కి చేసింది. "రెండు గదులూ వద్దండీ. సామాను రేపు వచ్చి తీసుకెళ్తాం. కారణమా? పనికి దగ్గర్లో బస దొరికింది." పెట్టేసి, "కాఫీ నేనే పెడతాలే పొద్దున్న," అంది ఎవరితోనో తెలియకుండా.

చావుల పనులు చూసే దుకాణానికి శనివారమని సెలవేమీ లేదు. స్తుదెన్ బ్రోద్ నడిబొడ్డున తలుపు తెరిచే ఉంది. లోపల కంప్యూటర్ ముందున్నావిడ "ఎవరు పోయారమ్మా?" అంటే, "ముప్పై ఏడేళ్ళయింది" అంది జ్లాతీనా. ఆవిడ వింతగా చూసి తెల్లకాగితం, కలం ముందుకు తోసింది. జ్లాతీనా కౌంటరు మీద వంగి రాయడం మొదలుపెట్టింది. అమ్మ పేరు దగ్గర కలం ఆగింది. రాసింది. నాన్న పేరు దగ్గర ఆగింది. రాయలేదు. అది తను రాసేది కాదు.

కిటికీలోంచి చూస్తే మించో కారు దిగి నిలబడ్డాడు. ఈ ఊళ్ళలో మొదటిసారి దిగడం. రోడ్డుకి అవతల బస ఇచ్చే ఇల్లు, దాని మెట్ల మీద దోబ్రా చేతులు తుడుచుకుంటూ పోల్చుకుని కేక వేస్తోంది. ఇవతల ఈ తలుపు. ఆయన ఎటూ కదలడం లేదు. ఓగ్న్యాన్ వెళ్ళి పక్కన నిలబడ్డాడు గానీ చెయ్యి పట్టుకోలేదు.

జ్లాతీనా కాగితాన్ని, కలాన్ని పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, తండ్రి వైపు చాచి నిలబడింది. ఆ కాగితం మీద ఉన్నది ఇంతే:

"స్తాంకా దొన్చెవా, రజ్దోల్. ఇరవై రెండేళ్ళు. 1988 ఫిబ్రవరి 14న కాన్పు కష్టమై పోయింది. ఆమె భర్త వెల్యో ఆ ఉదయం తొమ్మిది గంటలకే ఫోన్ చేశాడు. ఆలస్యం అతనిది కాదు. అతను తాగలేదు. పుస్తకంలో మధ్యాహ్నం రెండు అని రాసింది మా అమ్మ నెదా. అది అబద్ధం. బండి ఐదు గంటలు ఎందుకు కదల్లేదో చెప్పవలసినవారి సంతకానికి కింద చోటు వదిలాం. దేసా, ఇది నీ కోసం. ఈ గోడ ముందు ఆగి ఇంతదాకా చదివినవారెవరైనా సరే, పండగనాడు గిన్నె ఎత్తే ముందు, తొమ్మిది నుంచి రెండు దాకా బండి చప్పుడు కోసం చెవులు రిక్కించి పడుకున్న స్తాంకాను ఒక్కసారి తలుచుకోండి."